ఆలస్యంగా వచ్చిన పెరుగు

నా చిన్నప్పుడు మా ఇంటి తాళం తలుపుకి బయటివైపు ఉండేది. అందరి ఇళ్ళకీ బయటే కదా ఉండేది, ఇందులో వింతేముంది అంటారేమో. అమ్మా నేనూ లోపల ఉండగానే ఆ తాళం పడేది, అదీ వింత. పొద్దున్నే నాన్న డ్యూటీకి బయల్దేరేటప్పుడు తలుపు దగ్గరికి లాగి, గడియ పెట్టి, తాళంకప్ప వేసి, దాన్ని ఒకటికి రెండుసార్లు లాగి చూసుకుని మరీ మెట్లు దిగేవాడు. మళ్ళీ ఆ తలుపు తెరుచుకునేది సాయంత్రం ఆయన వచ్చాకే.

ఇదంతా బహ్రెయిన్‌లో జరిగిన మాట. నాన్న ముందు వచ్చి ఉద్యోగంలో కుదురుకున్నాడు. ఆ తరవాత అమ్మనీ నన్నూ కాకినాడ నుంచి రప్పించుకుని మహూజ్‌లో ఒక బిల్డింగులో పై అంతస్తు ఫ్లాటులో పెట్టాడు. నాకప్పుడు ఎనిమిదేళ్ళు ఉంటాయేమో. ఆ ఏడాది బడిలో సీటు దొరకలేదు. దాంతో రోజంతా అమ్మకి నేను, నాకు అమ్మ. ఇంకో మనిషి మొహం చూడాలంటే శుక్రవారం రావాల్సిందే.

మా నాన్న చెడ్డవాడు కాదు. ఈ ముక్క ముందే చెప్పేస్తున్నాను, లేకపోతే మీరు ఆయన్ని తిట్టుకుంటూ చదువుతారు, నాకు కష్టంగా ఉంటుంది. అమ్మని ఏనాడూ పల్లెత్తు మాట అన్న మనిషి కాదు. ఏది కావాలన్నా సాయంత్రానికి ఇంట్లో ఉండేది. నాకు రంగు పెన్సిళ్ళు, అమ్మకి మల్లెపూల వాసన వేసే సబ్బు, ఏదడిగితే అది. తలుపు తీసి ఉంచమని మాత్రం అడక్కూడదు. అడిగితే కోప్పడేవాడు కాదు, భయపడేవాడు. "కొత్త దేశం, భాష రాదు. కింద అంతస్తులన్నీ బ్యాచిలర్ల గదులు. మీకేమన్నా అయితే నేనేం కావాలి? నీ మంచికే కదా చెబుతున్నాను" అనేవాడు.

పైగా తాళాలే ఆయన ఉద్యోగం. ఒక కట్టడాల కంపెనీలో స్టోర్ కీపరు. ఆయనకి ముందున్నవాడు ఏదో మధ్యాహ్నం గోదాము తలుపు తీసి ఉంచి టీ తాగడానికి వెళ్ళాడట. వచ్చేసరికి సామాను పోయిందట. కఫీల్, అంటే వీసా ఇచ్చిన యజమాని, ఖలాస్, ఇక చాలు పొమ్మన్నాడట, అతను ఆ వారమే ఇంటికి వెళ్ళిపోయాడట. ఈ కథ నాన్న మాకు ఎన్నిసార్లు చెప్పాడో. తాళం వేస్తే ఏదైనా పదిలంగా ఉంటుందని ఆయన నమ్మకం. సిమెంటు బస్తాలకి ఏది మంచిదో పెళ్ళాం బిడ్డలకీ అదే మంచిదనుకున్నాడు పాపం.

ఆ ఫ్లాటులో పగళ్ళు ఎలా గడిచేవో చెబితే మీకు నవ్వొస్తుంది. కిటికీలోంచి పక్క బిల్డింగు గోడ, దాని పక్కన ఇంత రోడ్డు ముక్క కనిపించేవి. ఆ రోడ్డు మీద వెళ్ళే కార్ల రంగుల మీద అమ్మ నాతో పందెం వేసేది. తెల్ల కారొస్తే నేను గెలిచినట్టు, ఇంకే రంగొచ్చినా అమ్మ గెలిచినట్టు. మెట్ల మీద చెప్పుల చప్పుడు వింటే మనిషిని పోల్చేసేదాన్ని. ఎదురు ఫ్లాటులో ఉండే మలయాళీ నర్సు చెప్పులు టకటకమనేవి. ఆవిడ మొహం ఎలా ఉంటుందో నాకు తెలియదు, చప్పుడు మాత్రం బాగా తెలుసు. మధ్యాహ్నాలు అమ్మ తలుపు దగ్గర చాప వేసుకుని పడుకునేది. అక్కడ చల్లగా ఉంటుందని చెప్పేది. చల్లదనమూ లేదు, పాడూ లేదు. కింద సందులోంచి మనుషుల మాటలు వినిపిస్తాయని.

శుక్రవారం మాత్రం మాకు విడుదల. సెలవు కదా, నాన్న మమ్మల్ని మనామా బజారులో ఒక భోజన హోటలుకి తీసుకెళ్ళేవాడు. అప్పటికే అది పాత హోటలు. నూనె బావుల ఉద్యోగాలకి మనవాళ్ళు ఓడలెక్కి వస్తున్న రోజుల్లో నెల్లూరు నుంచి ఒక దంపతులు వచ్చి పెట్టారు. మేం వచ్చేనాటికి ఆయన ముసలాయనై గల్లా దగ్గర కూర్చునేవాడు. వంటిల్లూ వడ్డనా అన్నీ ఆవిడే. హోటలు మామ్మగారు అనేవాళ్ళు అందరూ. పొట్టిగా, గట్టిగా, ఎప్పుడూ చెంగు బిగించి ఉండేది. ఆఫీసుల్లో పనిచేసే గుంటూరు, విజయవాడ కుటుంబాలూ అక్కడికే వచ్చేవి, మామీర్ వైపు క్యాంపుల్లో ఉండే నిజామాబాద్, కరీంనగర్ అన్నలూ ఇస్త్రీ చొక్కాలు తొడుక్కుని అక్కడికే వచ్చేవాళ్ళు. "దుబాయిల ఇంటి బువ్వ ఈడనే దొరుకుతది" అన్నాడు వాళ్ళలో ఒకాయన. ఇది దుబాయి కాదు కదా నాన్నా అని నేను చెవిలో అడిగితే, వాళ్ళకి గల్ఫంతా దుబాయేనమ్మా అని నాన్న నవ్వాడు.

ఆ భోజనం తలుచుకుంటే ఈ వయసులో కూడా నోట్లో నీళ్ళూరతాయి. పొగలు కక్కే అన్నం మీద ముద్దపప్పు, దాని మీద చెంచాడు నెయ్యి, పక్కన ఆవకాయ. దొండకాయ వేపుడు, గోంగూర పచ్చడి, ములక్కాడ సాంబారు, మిరియాల చారు, గుమ్మడి వడియాలు. అన్నీ ఒక ఎత్తు, చివర్న వచ్చే పెరుగు ఒక ఎత్తు. మామ్మగారు ఓడలో వచ్చేటప్పుడు చిన్న గిన్నెలో తోడు పట్టుకొచ్చిందట. దారి పొడుగునా పాలపొడి కలిపి తోడేస్తూ దాన్ని బతికించుకొచ్చిందట. ఇక్కడికి వచ్చాక ఒక్కరోజు కూడా ఆ తోడు తెగలేదని చెప్పుకునేవాళ్ళు. కత్తితో కోసినట్టు ఉండేది ఆ పెరుగు. అది వడ్డించకుండా అక్కడ ఎవరూ లేవరు. అసలు పెరుగన్నం తినకుండా చెయ్యి కడుక్కున్న తెలుగువాణ్ణి నా జన్మలో చూడలేదు. మా నాన్నయితే మరీను. పెరుగు పడకపోతే ఆయన లెక్కలో అది భోజనమే కాదు.

కుటుంబాలతో వచ్చినవాళ్ళకి హాలు వెనక ఫ్యామిలీ గదులుండేవి. చివరి గది ఒకప్పుడు ఊరగాయ జాడీలు దాచుకున్న గదట. అందుకని దాని గడియ బయటివైపు ఉండేది. మొదటిసారి వచ్చినప్పుడే నాన్న ఆ గడియని అటూ ఇటూ ఆడించి చూసి, గట్టిదే అని మెచ్చుకున్నాడు. మేం ఎప్పుడూ ఆ గదిలోనే కూర్చునేవాళ్ళం.

ఒకరోజు మధ్యాహ్నం అమ్మ వడియాలు వేయిస్తోంది. మూకుడు ఎలా ఒరిగిందో ఏమో, మరిగే నూనె కుడిచెయ్యి మీద పడింది. అమ్మ ఒక్క కేక పెట్టి నేల మీద కూలబడిపోయింది. కళ్ళు తేలేసింది. ఇంట్లో ఫోను లేదు. తలుపు దగ్గరికి పరిగెత్తి గుద్దాను, గుద్దాను, ఎవరూ రాలేదు. చివరికి నేల మీద బోర్లా పడుకుని, తలుపు కింద సందుకి నోరు ఆనించి అరిచాను. అప్పుడు వినిపించింది టకటక చప్పుడు.

ఎదురింటి నర్సు వచ్చి తాళంకప్ప పట్టుకుని గుంజింది. అది మా నాన్న కొన్న తాళంకప్ప, ఎందుకొస్తుంది? ఆవిడ హిందీలో ఏదేదో అడుగుతోంది. నాకు పానీ అన్న ఒక్క ముక్కే తెలిసింది. చెంబుతో నీళ్ళు తెచ్చి అమ్మ చేతి మీద పోస్తూ కూర్చున్నాను. కాసేపటికి తలుపు కిందనుంచి ఒక మందు ట్యూబు లోపలికి జారింది. సందు చిన్నది, ట్యూబు ఇరుక్కుంటే ఆవిడ వేళ్ళతో తోసింది. ఆ వేళ్ళ కొనలు మాత్రం కనిపించాయి. మెట్ల మీద నాన్న అడుగులు వినిపించేదాకా ఆవిడ అవతల నేల మీదే కూర్చుని మాతో మాట్లాడుతూనే ఉంది, అవి వినగానే తన ఫ్లాటులోకి వెళ్ళిపోయింది. అమ్మకి తెలివి వచ్చింది. తలుపుకి చెంప ఆనించి మూలుగుతూ కూర్చుంది. మా అమ్మకి ఏమన్నా అయిపోతుందని, మేమిద్దరం ఆ గదిలోనే చచ్చిపోతామని నేను నిజంగా అనుకున్నాను. ఆ భయం ఎట్లాంటిదో ఇన్నేళ్ళొచ్చినా చెప్పడం నాకు చేతకాదు.

నాన్న వచ్చి చూసి గొల్లుమన్నాడు. అమ్మని డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాడు, రాత్రి నిద్రపోకుండా విసురుతూ కూర్చున్నాడు. పొద్దున్నే బయల్దేరుతూ, "ఇకనుంచి నూనె వంటలు పెట్టుకోకు" అన్నాడు. అని, గడియ పెట్టి, తాళం వేసి, లాగి చూసుకుని వెళ్ళాడు.

అమ్మ అప్పుడు ఏడవలేదు. నన్ను దగ్గరికి తీసుకుని, "ఇదంతా ఎవరితోనూ అనకు తల్లీ. నాన్న మంచివాడే, నలుగురూ వేరేగా అనుకుంటారు" అంది. సరేనన్నాను. కానీ ఆ రోజునుంచీ నాకు ఒకటే భయం. మళ్ళీ ఏదన్నా అయితే? ఈసారి నర్సు డ్యూటీలో ఉంటే? సాయంత్రం మెట్ల మీద నాన్న అడుగులు వినిపించేదాకా నేను వంటింటి గుమ్మంలోంచి కదిలేదాన్ని కాదు.

శుక్రవారం వచ్చింది. హోటల్లో చేతులు కడుక్కునే చోట మామ్మగారు నాకు చెంబుతో నీళ్ళు పోస్తూ, అమ్మ చేతికి ఆ కట్టేంది పాపా అని అడిగింది. నూనె పడిందన్నాను. మరి నువ్వేం చేశావు అంది. అంతే, నోరు దానంతటదే తెరుచుకుంది. తాళం సంగతి, ట్యూబు సంగతి, వేళ్ళ సంగతి, నూనె వంటలు వద్దన్న సంగతి, అన్నీ వెళ్ళగక్కేశాను. ఆవిడ చెంబు పట్టుకుని అలాగే నిలబడి విన్నది. అయ్యో అనలేదు, నాన్నని ఒక్క మాట అనలేదు. చెంగుతో నా మొహం తుడిచి, "మీ నాయనకి పెరుగంటే ఇష్టమేనా?" అని అడిగింది.

పెరుగు లేకపోతే అన్నం తిన్నట్టే కాదంటాడని చెప్పాను. "అట్లనా" అని లోపలికి వెళ్ళిపోయింది. ఇంత చెబితే ఈవిడకి పెరుగు గొడవేమిటా అని నాకు ఒళ్ళు మండింది.

మేం మా గదిలో కూర్చున్నాక మామ్మగారే వచ్చింది. "కాలిన చేత్తో ఏం కలుపుకుంటుంది, నేను తినిపిస్తాను" అని అమ్మని వంటింట్లోకి తీసుకుపోయింది. నాన్న కాదనలేకపోయాడు. ఆయనకీ నాకూ వడ్డన మొదలైంది. పప్పు, వేపుడు, సాంబారు, చారు అన్నీ చకచకా వచ్చాయి. నాన్న కడుపు నిండా తిన్నాడు. చారన్నం అయ్యాక మామ్మగారు పళ్ళెంలో మళ్ళీ ఇంత వేడన్నం పెట్టి, "పెరుగు తెస్తా, ఉండు నాయనా" అంటూ తలుపు దగ్గరికి వేసి వెళ్ళింది.

గడియ పడింది. ఆ చప్పుడు నాకు బాగా తెలుసు. రోజూ విన్నదే కదా. నాన్నకి తెలియలేదు. ఆయన ఎప్పుడూ అవతలివైపే ఉండేవాడు.

మొదట ఆయన తీరిగ్గా కూర్చున్నాడు. బడి గురించి కబుర్లు చెప్పాడు, వచ్చే ఏడు తప్పకుండా సీటొస్తుందన్నాడు. కాసేపటికి "పెరుగూ!" అని ఒక కేకేశాడు. శుక్రవారం మధ్యాహ్నం ఆ హోటల్లో కేకలకి కొదవా? హాల్లో అందరూ పెరుగనో అప్పడమనో అరుస్తూనే ఉన్నారు. ఇంకాసేపు చూశాడు. పళ్ళెంలో అన్నం చల్లారింది. వేళ్ళ మధ్య పప్పూ చారూ ఎండి చెయ్యి బిగుసుకుపోతోంది. ఎంగిలి చేత్తో ఏదీ ముట్టుకోడు కదా, కుడిచెయ్యి గాల్లో పెట్టుకునే లేచి, మోచేత్తో తలుపు తోశాడు. అది కదల్లేదు. మళ్ళీ తోశాడు. "ఎవరో చూసుకోకుండా గడియ పెట్టినట్టున్నారు" అని నవ్వాడు.

ఆ నవ్వు ఎక్కువసేపు లేదు. ఎడమచేత్తో తట్టాడు, పిలిచాడు, విసుక్కున్నాడు. ఇదేం హోటలు, బుద్ధుండక్కర్లేదా అన్నాడు. ఆ గదికి కిటికీ లేదు. పంకా తిరుగుతోంది గానీ గాలి వేడిగా ఉంది. నాన్న చొక్కా వీపుకి అతుక్కుపోయింది. నేను మాత్రం నా పళ్ళెం ముందు కుదురుగా కూర్చున్నాను. నాకు అలవాటే.

ఇంతలో వంటింట్లో తాలింపు మాడినట్టుంది. ఎండుమిరపకాయల ఘాటు తలుపు సందుల్లోంచి గుప్పున వచ్చింది. ఇద్దరికీ దగ్గు పట్టుకుంది, కళ్ళు మండిపోయాయి. నాన్న ఒక్కసారిగా హడలిపోయాడు. ఎక్కడో నిప్పంటుకుందనుకున్నాడు. ఇక ఎంగిలీ గింగిలీ లేదు, రెండు చేతులతో తలుపు బాదడం మొదలుపెట్టాడు. "లోపల చంటిపిల్ల ఉందండీ! తీయండి! మీకు దణ్ణం పెడతాను, తీయండి!" అని అరుస్తున్నాడు. చంటిపిల్లంటే నేనే. మా నాన్న గొంతు అట్లా పగిలిపోవడం ఎప్పుడూ వినలేదు. నాకు ఏడుపొచ్చేసింది.

ఆయనకి సాయం చెయ్యాలనిపించింది. నాకు తెలిసిన ఉపాయం అదొక్కటే. చొక్కా పట్టుకు లాగి చెప్పాను. "నాన్నా, గుద్దితే వినపడదు. కింద పడుకుని సందులోంచి పిలవాలి. అమ్మకి చెయ్యి కాలినప్పుడు నేను అట్లాగే పిలిచాను."

నాన్న బాదడం ఆపేశాడు. నావైపు చూశాడు. తరవాత మోకాళ్ళ మీద కూలబడి, నన్ను దగ్గరికి లాక్కుని, నా తలమీద మొహం పెట్టుకున్నాడు. తలుపు కింద సందుకేసి చూస్తూ అలాగే ఉండిపోయాడు. ఇక పిలవలేదు.

గడియ తీసిన చప్పుడైంది. మామ్మగారు పెరుగు కుండ చంకన పెట్టుకుని నిలబడి ఉంది, వెనక మా అమ్మ. తలుపు నిండా పసుపుపచ్చని వేళ్ళ ముద్రలు. మామ్మగారు వాటిని చూసింది, నేల మీదున్న మా ఇద్దరినీ చూసింది.

"ఏంది నాయనా, అంత కంగారు పడ్డావు? గడియ పెట్టింది నేనే. బజారు నిండా జనం, ఎవురెవురో తిరగతా ఉంటారు. లోపల ఉంటే క్షేమం కదా. నీ మంచికే పెట్టినా."

నాన్న మొహంలో నెత్తురు చుక్క లేదు. మామ్మగారు చల్లారిన అన్నం తీసేయించి వేడన్నం పెట్టించింది, గరిటెతో పెద్ద గడ్డ పెరుగు వేసింది, "తిను నాయనా" అంది మెత్తగా. నాన్న పళ్ళెం ముందు కూర్చున్నాడు గానీ చెయ్యి పెట్టలేదు. తలెత్తి అమ్మకేసి చూసి, "నువ్వు తిన్నావా?" అని అడిగాడు. అమ్మ తలూపింది. అప్పుడు కలుపుకున్నాడు. కళ్ళనీళ్ళు తుడుచుకోకుండా ఆ పెరుగన్నం మొత్తం తిన్నాడు. మిరపకాయ ఘాటు వల్లనే అనుకోమని మాకు ఆ తరవాత చాలాసార్లు చెప్పాడులెండి.

మేం లోపల ఎంతసేపున్నామన్నది ఎప్పటికీ తేలలేదు. నాన్న గంట పైనే అనేవాడు. మామ్మగారిని అడిగితే, పాలు పొంగినంతసేపు కూడా లేదనేది. తాలింపు కావాలనే మాడ్చారా అని పెద్దయ్యాక నేనడిగితే, నా వంటకి వంక పెడతావా అని కసిరింది.

ఆ రోజు బయల్దేరుతుంటే మామ్మగారు ఒక చిన్న గిన్నెలో పెరుగు తోడు పోసి, మూతకి గుడ్డ కట్టి అమ్మ చేతిలో పెట్టింది. "దినామూ తోడేసుకో. తెగిందంటే నువ్వే వచ్చి పట్టుకుపో. మీ ఆయన చేత పంపితే ఇయ్యను" అంది.

మర్నాడు పొద్దున్న నాన్న డ్యూటీకి బయల్దేరాడు. అమ్మా నేనూ మంచం మీద కూర్చుని వింటున్నాం. తలుపు మూసుకుంది. గడియ చప్పుడు రాలేదు. అడుగులు మెట్లు దిగాయి. ఆగాయి. మళ్ళీ పైకొచ్చాయి. తలుపు అవతల నాన్న నిలబడి ఉన్నాడు, మాకు తెలుస్తోంది. అమ్మ నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. పెడతాడు, అలవాటు ఎక్కడికి పోతుంది అనుకున్నాను. కాసేపటికి అడుగులు దిగి వెళ్ళిపోయాయి. వంటింట్లోకి వెళ్ళి చూస్తే గట్టు మీద తోడు గిన్నె పక్కన తాళంకప్ప, అందులోనే తాళంచెవి.

ఏం చేశామనుకున్నారు? ఎక్కడికీ వెళ్ళలేదు. అమ్మ తలుపు తీసింది, వరండాలోకి తొంగి చూసింది, మళ్ళీ దగ్గరికి వేసి వచ్చి కూరగాయలు తరుక్కుంది. కాసేపాగి మళ్ళీ లేచి తీసి చూసింది. రోజంతా అదే పని. రోజూలాగే ఇంట్లోనే ఉన్నాం, ఆ రోజు మాత్రం నేను వంటింటి గుమ్మంలో కాపలా కూర్చోలేదు. సాయంత్రం టకటక చప్పుడు వినగానే అమ్మ సగం వాడిన మందు ట్యూబు పట్టుకుని ఎదురింటికి వెళ్ళి చేతికిచ్చింది. నర్సు అమ్మని వాటేసుకుని ఏడ్చేసింది. సన్నగా, నల్లగా, పెద్ద కళ్ళతో ఎంత బాగుందో ఆవిడ. అప్పటిదాకా మాకు ఆవిడ వేళ్ళే తెలుసు.

తరవాత వారం తిరక్కుండానే మా ఇంట్లో తోడు తెగిపోయింది. గిన్నె అడుగుదాకా ఊడ్చి అమ్మే తినేసింది, నేను చూశాను. అయ్యో తోడు లేదే అని నాన్న వింటుండగా గట్టిగా అంది. నాన్నకి అర్థం కాకపోదు. బస్సు ఎక్కడ ఎక్కాలో, ఎక్కడ దిగాలో ఆయనే చెప్పాడు. అమ్మా నేనూ బస్సులో మనామా బజారుకి వెళ్ళాం. దారి పొడుగునా అమ్మ కిటికీలోంచి తల తిప్పలేదు. ఆ తరవాత మా ఇంట్లో తోడు తెగినంత తరచుగా ప్రపంచంలో ఏ ఇంట్లోనూ తెగి ఉండదు.

వాళ్ళెవరూ ఇప్పుడు లేరు. నాన్న, అమ్మ, మామ్మగారు, అందరూ వెళ్ళిపోయారు. హోటలు ఉంది. మామ్మగారి మనవడు నడుపుతున్నాడు. గోడలకి రంగులు మారాయి, పెరుగు మారలేదు. నేను పెళ్ళి చేసుకుని ఇక్కడే, బహ్రెయిన్‌లోనే ఉండిపోయాను, బడిలో పాఠాలు చెప్పి రిటైరయ్యాను. మా ఆయన పోయాక అమ్వాజ్‌లో మా అబ్బాయి ఫ్లాటుకి వచ్చేశాను. ఎదురుగా సముద్రం, నిలువెత్తు అద్దాలు, చలవ గాలి, దేనికీ లోటు లేదు. కోడలిదీ ఉద్యోగమే. పొద్దున్న ఇద్దరూ వెళ్ళిపోతారు.

పోయిన నెల ఒకరోజు సాయంత్రం ఫోను ఇంట్లో మరిచిపోయి కిందికి దిగాను. నీళ్ళ ఒడ్డున కూర్చుంటే పొద్దుపోయింది. మా అబ్బాయి కాలుగాలిన పిల్లిలా అన్ని చోట్లా వెతికాడట. వాడి భయం వాడిది, కాదనను. ఆ మర్నాడే తలుపుకి కొత్త రకం తాళం పెట్టించాడు. లోపలనుంచి తీయాలన్నా వాడి ఫోనులో నొక్కాలట. పొద్దున్న ఆఫీసుకి వెళ్ళి అక్కణ్ణించి వేస్తాడు. కిర్రుమని చిన్న చప్పుడొస్తుంది. "నీ మంచికే అమ్మా, కింద పడితే ఎవరు చూస్తారు?" అన్నాడు. బంగారంలాంటి పిల్లాడు, ఏది అడిగినా తెస్తాడు. వాడిలో మా నాన్నే కనిపించాడు నాకు. ఎనిమిదేళ్ళప్పటి భయం మళ్ళీ వచ్చింది. మూడుసార్లు చెప్పి చూశాను, నవ్వి బుగ్గ గిల్లాడు. చెబితే ఎక్కదు. తాళం చప్పుడు లోపల కూర్చుని వింటేనే తెలుస్తుందని నాకు ఆ హోటలు గదిలో తెలిసింది. ఇన్నేళ్ళూ నేను మోసుకొచ్చింది ఆ ఒక్క సంగతే.

అందుకని ఈ శుక్రవారం మధ్యాహ్నం మనామాలో భోంచేద్దామన్నాను. మనిద్దరమే, చిన్నప్పటి కబుర్లు చెబుతాను, ఫోను నా సంచిలో పడెయ్యాలి అంటే సరేనన్నాడు. హోటలుకి ఫోను చేసి కనుక్కున్నాను. ఆ చివరి గది ఇంకా ఉందట, గడియా బయటే ఉందట. మా వాడికీ పెరుగన్నం పడకపోతే భోజనం కాదు.

పెరుగు కాస్త ఆలస్యంగా పంపమని చెప్పాను.